చెన్నమ్మను నాలుగేళ్ళు ఆలస్యంగా తీసుకెళ్ళాం

నాకు ఇద్దరు పిల్లలు. చెన్నమ్మకు ఇప్పుడు పదేళ్ళు, కోటయ్యకు ఐదు. ఇద్దరూ కళ్ళలో శుక్లాలతోనే పుట్టారు. శుక్లాలనేవి ముసలివాళ్ళకే వస్తాయని అంతకుముందు నేనూ అనుకునేదాన్ని. చెన్నమ్మకు ఒక ఆపరేషన్, కోటయ్యకు నాలుగు, అన్నీ గుంటూరు ఆస్పత్రిలోనే అయ్యాయి. ఇక చెయ్యాల్సిందేమీ లేదని పోయిన వేసవిలో డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ ఆ గుంటూరు రైలు ఎక్కే పని లేదని తెలిశాక రెండు మూడు రోజులు నాకు ఏం చెయ్యాలో తోచలేదు. మాచర్ల బళ్ళో ఐదో తరగతి దాకా చదువుకున్నాను కాబట్టి, మరిచిపోకముందే ఇదంతా రాసుకుంటున్నాను. ఎవరి పిల్ల కంట్లోనన్నా ఇలాంటి తెలుపు కనబడితే, ఆ తల్లి నాలాగా ఆగిపోకూడదని కూడా రాస్తున్నాను.

*1939 – 1942*

మాది మాచర్ల దగ్గర నాపరాయి గనులున్న పల్లె. మేనత్త కొడుకునే చేసుకున్నాను. మా బావ గనిలో పలకలు లేపే పని చేస్తాడు. చెన్నమ్మ మంచి ఎండల్లో పుట్టింది. మూడో నెలకు పిల్లలు తల్లి మొహం చూసి ఊ కొడతారు. ఇది నా గొంతు వినపడితే తల తిప్పేది గాని చూపు నా మీద నిలిచేది కాదు. కళ్ళు రెండూ అటూ ఇటూ ఊగుతూనే ఉండేవి. ఒకరోజు పొద్దున నీళ్ళు పోయడానికి ఎండలోకి తీసుకొచ్చి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని చూశాను. నల్లగుడ్డు నడిమధ్యన చిటికెడు సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. రెండో కంట్లోనూ ఉంది.

అత్త వచ్చి చూసి, పిల్ల మొహం మీద కొంగు కప్పింది. తరవాత, "గ్రహణం నాడు బయటికి పోయినావు గదే," అంది.

"పోలేదత్తా. తలుపేసుకునే పడుకున్నా."

"పోయినావు. నీకు గుర్తు లేదు."

నాకు గుర్తున్నంతలో ఆ రోజు నేను గడప దాటలేదు. కానీ చుట్టాలూ ఇరుగుపొరుగూ అందరూ అదే మాట అంటుంటే, దాటానేమో అనిపించేది. పెరట్లో ఆరేసిన చీర తీసుకురావడానికి ఒక్క అడుగు వేశానేమో. ఆ లేని అడుగును ఐదేళ్ళు తలుచుకుని ఏడ్చాను.

నందివర్ధనం పూలు కళ్ళమీద కట్టాం. చనుబాలు పిండాం. ఏడాది నిండాక, కృష్ణ అవతలి నుంచి వచ్చిన ఒక వైద్యుడు ఏదో ఆకు పసరు పోశాడు. ఎడమ కన్ను వాచిపోయి పది రోజులు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక చూస్తే, లోపలి తెలుపుకు తోడు పైన కూడా ఒక మచ్చ పడింది.

అప్పుడే గని మేస్త్రి మా బావతో చెప్పాడు. గుంటూరులో కంటి డాక్టరు ఉంది, పసిపిల్లలకు కూడా చేస్తుంది, తీసుకుపొమ్మన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "పసిగుడ్డు కంట్లో కత్తి పెట్టిస్తారా? నా కంఠంలో ప్రాణం ఉండగా కాదు," అంది. ఊళ్ళో ఎవరినడిగినా ఇప్పటికీ ఆ ముసలమ్మే ఆపిందని చెబుతారు. నేనూ కొన్నాళ్ళు అట్లాగే చెప్పుకున్నాను. నిజం అది కాదు. మా బావ నన్ను విడిగా పిలిచి, "నువ్వేమంటావు? నువ్వు సరేనంటే అమ్మ మాట వినను," అన్నాడు. అప్పుడు "కొంచెం పెద్దదవనీ బావా, తట్టుకుంటుంది," అన్నది నేనే. అది పెద్దదయ్యే లోపల ఏం పోతుందో నాకు తెలియదు. తెలియకపోవడం వేరు. భయపడి తెలుసుకోకపోవడం వేరు. నాది రెండోది.

*1943*

చెన్నమ్మకు నాలుగో ఏడు వెళ్ళిపోతుండగా ఒక మధ్యాహ్నం వాళ్ళ నాయన సుత్తి చప్పుడు పట్టుకుని గని వైపు నడిచింది. గట్టు అంచు దానికేం తెలుసు? నిలువెత్తు లోతులో పడింది. భుజం ఎముక విరిగింది, ముందు పళ్ళు రెండు ఊడాయి. దాన్ని ఎత్తుకుని వచ్చిన మా బావ అరుగు మీద కూడా కూచోలేదు. "ఇక ఎవర్నీ అడగను. ఎముక అతుక్కోగానే పోతున్నాం," అన్నాడు. ఈసారి అత్త అడ్డం రాలేదు. నేనూ రాలేదు.

యుద్ధం రోజులు. బండి నిండా మనుషులే. నడికుడి దాటాక గాని నాకు కూచోవడానికి చోటు దొరకలేదు. గుంటూరు ఆస్పత్రిలో పొడుగాటి వరండా, గోడ పొడుగునా బల్లలు. ఆ బల్లల మీద ఒక కంటికో రెండు కళ్ళకో గుడ్డ కట్టుకున్నవాళ్ళు వరసగా కూచుని ఉన్నారు. పక్కన ఎవరు కూచుంటే వాళ్ళను "మీదే ఊరు?" అని అడిగేవాళ్ళు. చూపు లేనివాళ్ళకు ఊరి పేరు వింటే మనిషి కనబడినట్టే ఉంటుందేమో. ఆ వరండాలో మేం పొద్దుటి నుంచి మూడు జాములు కూచున్నాం. మందు నీళ్ళ వాసనకు చెన్నమ్మ ముక్కు మూసుకుని, "అమ్మా, ఇక్కడ ఎవరో ఇల్లు కడుగుతున్నారు," అంది.

డాక్టరమ్మ తెలుగావిడే. బక్కపల్చటి మనిషి. చిన్న దీపం వేసి చెన్నమ్మ కళ్ళు రెండూ చూసింది. ఎడమ కన్నును చూసి, "ఇందులో ఏం పోశారు?" అని అడిగింది. చెప్పాను. "పుట్టినప్పటి నుంచీ ఉందా ఈ తెలుపు?" అంది. ఉందన్నాను. "మరి ఇన్నాళ్ళూ?"

"పెద్దదైతే తట్టుకుంటుందని..."

ఆమె నన్ను తిట్టలేదు. లేచి వెళ్ళి మూలనున్న తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తిట్టినా బాగుండేది.

ఎడమ కన్ను ముట్టుకోలేమంది. కుడి కంటికి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. తరవాత వారం రోజులు వెల్లకిలా పడుకోవాలి. కట్టు పీక్కోకుండా రెండు మోచేతులకూ బద్దలు కట్టారు. "నేనేం తప్పు చేశానమ్మా, చేతులు కట్టారు?" అని అడిగింది నా పిల్ల. అక్కడ సువార్తమ్మ అని ఒక ఆయా ఉండేది. తన పని అయిపోయాక కూడా ఇంటికి పోకుండా వచ్చి మంచం పక్కన గొంతుక్కూచునేది. చెన్నమ్మ ముక్కు మీద దురద పుడితే ఈమె గోకేది. "దొరసానమ్మా, ఇంకెక్కడ గోకమంటారు?" అనేది. అది నవ్వేది.

కట్టు విప్పే రోజు మా బావ కూడా వచ్చాడు. డాక్టరమ్మ దూది తీసింది. నా పిల్ల కుడి కంట్లో తెలుపు లేదు. నల్లగుడ్డు నల్లగా, తడిగా, అందరి పిల్లల కన్నులా మెరుస్తోంది. నాలుగేళ్ళలో నేను చూడని కన్ను అది. నా మొహం దాని మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆ కన్ను సూటిగా నా వైపే తిరిగింది.

"అమ్మా, ఎక్కడున్నావు?" అంది చెన్నమ్మ.

ఆపరేషన్ చక్కగా అయిందని డాక్టరమ్మ చెప్పింది. చీము లేదు, వాపు లేదు. కానీ పుట్టిన కొత్తలోనే కన్ను చూడటం నేర్చుకోవాలంట. ఆ నేర్చుకునే రోజుల్లో తలుపు మూసి ఉంటే, తరవాత ఎంత బార్లా తెరిచినా లోపల ఉన్నవాళ్ళకు తెలియదంట. "వెలుతురు తెలుస్తుంది. రంగులు కొన్ని తెలియొచ్చు. అడ్డం వచ్చింది కనిపెట్టి నడవొచ్చు. అంతకుమించి నేను మాట ఇవ్వలేను," అంది. "ఎన్నాళ్ళప్పుడు తీసుకొస్తే బాగుండేదమ్మా?" అని అడిగాడు మా బావ. "మొదటి నెలల్లో," అంది.

మాచర్లలో దిగి ఊరికి నడుస్తుంటే దారి పక్క కళ్ళంలో మిరపకాయలు ఎండబోశారు. చెన్నమ్మ నా చెయ్యి లాగి ఆగింది. "అక్కడేందో ఉంది."

"ఏముందే?"

"తెలవదు. కంటికి గట్టిగా తగులుతోంది."

"దాన్ని ఎరుపంటారమ్మా," అన్నాను. ఆ ఎరుపు అంచు దాకా పోయి, వంగి, ఒక కాయ చేతిలోకి తీసుకుంది. ఇది మిరపకాయ గదా అంది. మిరపకాయ దానికి చేతితో తెలుసు. ఎరుపూ మిరపకాయా ఒకటేనని మాత్రం ఆ రోజే తెలిసింది. మా బావ ముందుకు నడిచి వెళ్ళిపోయాడు, తను ఏడవడం మాకు కనపడకూడదని.

*1944 – 1945*

మరుసటి ఏడు కోటయ్య పుట్టాడు. పురుడు అయిన మూడో నాడు మా బావే పిల్లవాణ్ణి వాకిట్లోకి, వెలుతురులోకి పట్టుకెళ్ళాడు. ఎందుకు పట్టుకెళ్ళాడో నాకు తెలుసు. మంచం మీద నుంచి వాళ్ళ వీపులు కనబడుతున్నాయి. అతను ఎంతకీ వెనక్కి తిరగలేదు. దాంతోనే అర్థమైంది.

అత్త గడప మీద చతికిలబడింది. "మా పెద్దన్న ఇట్టనే పుట్టాడే," అంది.

మేనత్త అంటే మా నాయనకు తోబుట్టువు. వాళ్ళకు ఒక పెద్దన్న ఉండేవాడని అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు. రెండు కళ్ళూ తెల్లగా ఉండేవంట. పన్నెండో ఏట గేదెల వెంట పోయి వాగులో పడి చనిపోయాడంట. ఇంట్లో మిగతా పిల్లలకు సంబంధాలు రావని ఇంటిల్లిపాదీ ఆ పేరు ఎత్తడం మానేశారంట. "గ్రహణం కాదే అమ్మా. నీ తప్పేం లేదు. నాకు తెలుసు, మొదట్నించీ తెలుసు," అని నా కాళ్ళ దగ్గర కూచుని ఏడ్చింది.

ఆమె మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ పూట ఆమె పెట్టిన పత్యం అన్నం తినలేదు. ఐదేళ్ళు నా నెత్తిన ఉన్న బరువు ఒక్క మాటతో దించింది, కానీ ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే నేను గడప దాటానా లేదా అని కాకుండా, పిల్లకేం చెయ్యాలా అని ఆలోచించేదాన్ని. సాయంత్రానికి ఆమే నా గుడ్డలు మూట కట్టింది. "పురుటి స్నానం కాగానే పోండి. చెన్నమ్మను నేను చూసుకుంటా," అంది.

ఇంత పసివాడికి ఒక్కసారే అయిపోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. సన్నటి సూదితో శుక్లాన్ని చీలుస్తారు, అది మెల్లగా కరగాలి, కరగకపోతే మళ్ళీ చీల్చాలి. ఒక్కో కన్నూ వేరువేరుగా. మూడో నెలలో ఎడమ కంటికి మొదటిది చేశారు. మత్తు దిగాక పిల్లవాణ్ణి నా ఒళ్ళో పెట్టి నర్సు చెప్పిన మాట ఒకటే. "ఏడవనియ్యొద్దు. ఏడిస్తే కంటికి మంచిది కాదు."

మూడు నెలల పిల్లవాణ్ణి ఏడవనివ్వకుండా ఉంచడం ఎలాగో ఏ తల్లినైనా అడగండి. వాడు పెదవి విరిచేలోపల రొమ్ము ఇచ్చేదాన్ని. పాలు లేకపోయినా ఇచ్చేదాన్ని. నా పక్క మంచంలో సత్తెనపల్లి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉండేది, రెండు కళ్ళకూ కట్లు. వీడు మూలిగితే చాలు, కదలకుండా పడుకునే, "ఒరేయ్ చిన్నోడా, నాకూ మండుతోందిరా. నేనేడుస్తున్నానా?" అనేది. ఆ బొంగురు గొంతుకు వాడు ఠక్కున ఆగేవాడు. ఆమె ఇంటికి పోయే రోజు వాడి పాదాలు తడిమి చూసి, "ఈడి మొహం ఎట్టుంటదో చూడకుండానే పోతున్నా," అంది. కట్టు ఇంకా పూర్తిగా తియ్యలేదు ఆమెకు.

ఎడమ కన్ను బాగానే మానింది. రెండు నెలలకు కుడి కంటికి చేశారు. అదీ బాగానే ఉందన్నారు. కానీ తెలుపు పూర్తిగా పోలేదని వేసవిలో కుడి కంటికే మళ్ళీ చేశారు. మూడో రోజు పొద్దున వాడి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరమ్మ వచ్చి కట్టు విప్పింది. విప్పి చూసి, వేడినీళ్ళు తెమ్మంది. దూది పసుపు పచ్చగా అయింది. గంటగంటకూ కడిగారు. ఎన్నో చుక్కల మందులు వేశారు. అప్పుడు వాడు ఏడిస్తే ఆపమని నాతో ఎవరూ అనలేదు. ఆ మాట ఎవరూ అనకపోవడంతోనే నాకు సంగతి తెలిసిపోయింది.

ఆరో రోజు డాక్టరమ్మ వచ్చి వరండాలో బల్ల మీద నా పక్కన కూచుంది. ఆమె కూచోగా నేను అంతకుముందు చూడలేదు. "కుడి కన్ను పోయిందమ్మా. మేం చేతులు కడుక్కునే చేశాం, అన్నీ మరిగించే చేశాం. అయినా ఒక్కోసారి ఇట్లా అవుతుంది. ఎడమదాన్ని కాపాడుకుందాం," అంది. నేను తల ఊపాను. ఆమె చేతి మీద నా చెయ్యి వేశాను. ఎందుకు వేశానో తెలియదు.

ఇంటికి వచ్చాక, లోపలికి గుంటపడిన ఆ కన్ను చూసి మా బావ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "దానికి ఆగి చెడ్డాం. వీడికి ఆగక చెడ్డాం."

కొన్ని నెలలకు ఎడమ కంట్లో సన్నగా పొర మళ్ళీ కట్టింది. ఇంకొక్కసారి సూది వెయ్యాల్సి రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. మా బావ మొండికేశాడు. "ఉన్న ఒక్క కన్నూ అప్పజెప్పి రావాలా? వెలుతురన్నా తెలుస్తోంది గదా, ఉండనీ."

"ఆగితే ఏమైందో ఇంట్లోనే ఉంది గదా బావా. చెన్నమ్మను చూడు."

"పోతే ఏమైందో కూడా ఇంట్లోనే ఉంది. ఈడి కుడి కన్ను చూడు."

అయినా మర్నాడు పొద్దున పిల్లవాణ్ణి చంకనేసుకుని బయల్దేరాను. వెనక చెప్పుల చప్పుడైంది. అత్త. "ఒక్కదానివే పోతావా? పద," అంది. జీవితంలో రైలెక్కని మనిషి. గుంటూరు దాకా కిటికీ చువ్వ వదల్లేదు. ఆపరేషన్ గది తలుపు మూశాక ఆ ముసలామె వరండాలో నేల మీద కూచుని, వాళ్ళన్న పేరు చెప్పింది నాకు. రామయ్య. యాభై ఏళ్ళ తరవాత ఆ పేరు పైకి అన్నానంది.

ఎడమ కన్ను దక్కింది.

*1946*

కంట్లోంచి శుక్లం పోయాక మందపాటి అద్దాలు పెడితే గాని చూపు ఆనదు. చెన్నమ్మకు మాత్రం అద్దాలు పెట్టినా లాభం లేదంది డాక్టరమ్మ. ఆ అద్దాలు మద్రాసు నుంచి రావాలి. యుద్ధం వల్ల రాలేదు, యుద్ధం అయిపోయాక కూడా నెలల తరబడి రాలేదు. ఎదురుచూసిన రోజుల్లో అన్నిటికన్నా అవే పొడుగు. ఈ ఆలస్యం నా చేతిలో లేనిది, అయినా రోజు గడిస్తే చాలు చెన్నమ్మ నాలుగేళ్ళు నాకు గుర్తొచ్చేవి.

వాడికి రెండో ఏడు నిండాక వచ్చాయి. అద్దం గాజుగోళీ అంత లావు. నాడాతో తల వెనక ముడి వేశారు. వాడు పీకి పారేస్తాడనుకున్నాం. వాడు కదల్లేదు. తరవాత ఆస్పత్రి వరండాలో నేల మీద బోర్లా పడుకున్నాడు. ఎంత పిలిచినా లేవడు. వంగి చూస్తే, గచ్చు పగులు వెంట చీమలు పోతున్నాయి. వాటి వెంటే జరుగుతూ పోతున్నాడు. ఆ రోజు బండి తప్పిపోయింది. ఆ రోజూ వెంట వచ్చిన అత్త, "పోతే పోనీ బండి. చూసుకోనీ నా తండ్రిని," అంది. మరుసటి ఏడు ఆమె పోయింది.

*1949*

కోటయ్య బడికి పోతున్నాడు. పలక ముక్కుకు ఆనించుకుని చదువుతాడు. ఆ కన్ను ఇంకా కొంచెం ఊగుతుంది. దూరాన మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. డాక్టరమ్మ ఇంతకన్నా రాదంది. ఇంతైనా వచ్చింది, చాలని నేను అనుకుంటాను.

చెన్నమ్మ వాళ్ళ నాయనతో గనికి పోతుంది. లేపిన పలక మీద చిన్న సుత్తితో కొట్టి, లోపల పగులుందో లేదో చప్పుడును బట్టి చెబుతుంది. మేస్త్రి కూడా దాన్నే పిలుస్తాడు.

రెండు నెలల కింద, కోటయ్య అక్షరాలు కూడబలుక్కుంటుంటే వింటూ కూచుని, చెన్నమ్మ ఉన్నట్టుండి అడిగింది. "అమ్మా, తమ్ముణ్ణి మూడో నెలలో తీసకపోయారు గదా. నన్నెందుకు తీసకపోలా?"

ఎప్పటికైనా అడుగుతుందని తెలుసు. చెప్పడానికి నాలుగైదు మాటలు దాచి పెట్టుకున్నాను. నాయనమ్మ ఒప్పుకోలేదని, మాకు తెలియదని. ఒక్కటీ నోటికి రాలేదు. "మీ నాయన పోదామన్నాడు. నేనే ఆపినా. భయమేసింది," అన్నాను.

అది లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, జడ వేస్తే వేయించుకునేది. మూడో రోజు, "నీళ్ళు కాగినాయి," అంది. అంతే. దాన్ని క్షమించడం అంటారో ఏమంటారో నాకు తెలియదు. నేనూ అడగలేదు.

పోయిన వారం దుర్గి నుంచి ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చంకలో నాలుగు నెలల ఆడపిల్ల. రెండు కళ్ళలోనూ అదే తెలుపు. నేను ఏదీ దాచకుండా చెప్పాను. పోవాలని చెప్పాను. ఒక్కసారికి కాదని చెప్పాను. కోటయ్యను పిలిచి, దక్కిన కన్నూ, దక్కని కన్నూ రెండూ చూపించాను. గుంటపడిన ఆ కన్ను చూసి ఆ అమ్మాయి పిల్లను గుండెకు అదుముకుని లేచింది.

"వద్దులే అక్కా. చానా పసిది. నడక వచ్చినాక చూద్దామంటున్నారు మావోళ్ళు."

చెన్నమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "అక్కా, ఇట్టా రా. నా కుడి కన్ను చూడు," అంది.

ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"చీము పట్టలా. గుంట పడలా. మా తమ్ముడి కన్నా నాకే బాగా చేశారంట. శుభ్రంగా ఉందా?"

"ఉందమ్మా. బాగుంది."

"నాకు నాలుగేళ్ళు వచ్చినాక చేశారు. ఇంత దగ్గర నిలబడ్డావు గదా, నువ్వు నవ్వుతున్నావో ఏడుస్తున్నావో నాకు తెలవదు."

ఆ అమ్మాయి ఏడుస్తోంది. పమిటతో మొహం తుడుచుకుని, నా వైపు తిరిగి, గుంటూరు బండి ఎన్ని గంటలకని అడిగింది.